రెండు గిన్నెలు

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లన్నారు, నేలన్నారు, వచ్చిన ప్రతి పెద్దమనిషీ ఒక మాట చెప్పి కారెక్కి వెళ్లిపోయాడు. జబ్బు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. మా ఇంట్లో అది నాన్నను పట్టుకుంది. రోజు విడిచి రోజు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. ఉప్పు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, అరటిపండు వద్దు, పనస వద్దు. కొబ్బరి, పనస తోటల్లోనే పుట్టి పెరిగిన మనిషికి ఇదేం ఖర్మ! ఆఖరికి కూరగాయలు కూడా ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, గట్టిగా పిండి వండాలి.

అమ్మ మొదటి వారమే తేల్చేసింది. "ఆయన నోటికి లేని రుసి మన నోటికెందుకు?" అంది. తమ్ముడూ నేనూ సరేనన్నాం. కానీ ఆ సంగతి తెలిస్తే నాన్న ముద్ద ముట్టడు. అందుకని పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టేవాళ్లం. చిన్నది నాన్నది, పెద్దది మాది. రెండింట్లోనూ ఉప్పు ఉండేది కాదు.

నాన్న తన చప్పిడి కూర నముల్తూ రోజూ ఒకే మాట అడిగేవాడు.

"ఉప్పు సరిపోనాదా అమ్మీ?"

"సరిపోనాది నాన్నా."

ఆ జవాబు వింటే చాలు, ఆయన మొహం విచ్చుకునేది. పలాస వెళ్లనని ఏ రోజూ మొరాయించలేదు. "నా వల్ల మీ తిండికేటీ తక్కువ కాలేదు, అది సాలు. దానికోసమే ఈ సూదులు పొడిపించుకుంతన్నాను" అనేవాడు. మాకంటే పెద్ద దొంగలు లేరనుకోండి. ఆ దొంగతనం మీదే ఆయన ప్రాణం నిలబడి ఉంది.

కిందటి చలికాలంలో ఆయనకు ఒక కోరిక పుట్టింది. డయాలసిస్ లేని రోజు చూసుకుని అందరం విజయనగరం వెళ్లాలట. అక్కడ వీణలు చూడాలట, మంచి హోటల్లో మాకు పనసపొట్టు కూరతో భోజనం పెట్టించాలట. "నేను తిననులే. మీరు తింతంటే సూస్తాను" అన్నాడు. వద్దనడానికి మాకు నోరు రాలేదు. అమ్మ ఆయన కూర క్యారేజీలో సర్దింది. పొద్దున్నే రైలెక్కాం. ఆమదాలవలస దాటేదాకా ఆయన కిటికీ వదల్లేదు.

కోట దగ్గర ఒక హాల్లో బొబ్బిలి వీణలు పెట్టారు. ఒకావిడ కూర్చుని మెల్లగా వాయిస్తోంది. నాన్న ఆవిడనడిగి, వాయిస్తుండగానే వీణ మీద అరచెయ్యి పెట్టాడు.

"పనస దుంగే ఇది. అతుకు లేదు, ఒకటే దుంగ" అన్నాడు. తరవాత ఎడమ చెయ్యి నా వైపు చాపాడు. "ఇక్కడ ముట్టుకో అమ్మీ. ఇది కూడా ఇలాగే మోగుతాది."

డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు అది. చెయ్యి పెడితే లోపల జుమ్మంటోంది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం నవ్వాడు. "పనస తినకూడదన్నారు గానీ, వినకూడదనలేదు కదే!" అన్నాడు. ఎన్నాళ్ల తర్వాత విన్నానో ఆ నవ్వు. అక్కడి నుంచి అటే ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఎంత బాగుండేది!

హోటల్లో అరిటాకులు వేశారు. ముద్దపప్పు, గుత్తివంకాయ, ఆవకాయ, గిన్నెల్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర. నాన్న క్యారేజీ విప్పుకుని, తను మొదలుపెట్టకుండా మా మొహాలే చూస్తూ కూర్చున్నాడు. "తినండ్రా, తినండి."

మొదటి ముద్దకే నా నాలుక మండిపోయింది. ఉప్పుకషాయం! పక్క బల్లవాళ్లు అదే కూర రెండోసారి వేయించుకుని లొట్టలేస్తున్నారు. తప్పు వంటలో లేదు, మా నోళ్లలో ఉంది. తమ్ముడు గడగడా నీళ్లు తాగాడు. "అబ్బా, ఎంత బాగుందో!" అన్నాను నేను. నా గొంతు నాకే నచ్చలేదు.

అప్పుడు అమ్మ ఒక పని చేసింది. గ్లాసులో నీళ్లు కూర గిన్నెలో వంపి, కూర అరచేతిలోకి తీసుకుని గట్టిగా పిండి, ఆకు మీద పెట్టుకుంది. ఇంట్లో రోజూ చేసే పనే. తనేం చేస్తోందో తనకు తెలియదు. బల్ల కింద కాలితో తన్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

"అదేటే?" అన్నాడు నాన్న.

అమ్మ తన చెయ్యి చూసుకుంది. వేళ్ల సందుల్లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ" అంది అమ్మ.

నాన్న క్యారేజీ మూత పెట్టేశాడు. మా ఆకుల వైపు చూశాడు. "బతుకు నాదొక్కడిదే సప్పబడిపోనాదనుకున్నాను" అన్నాడు. తిరుగు రైల్లో కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆయన మాట మీద ఇప్పుడు పెద్ద గిన్నెలో ఉప్పు వేస్తున్నాం. అలవాటు పడ్డాం కూడా. సరిగ్గా సరిపోతోంది. నాన్న మాత్రం అడగడం మానేశాడు. పలాస వెళ్లే రోజు ఆయన్ని మంచం మీంచి లేపడమే గగనమవుతోంది. ఆటో వాకిట్లో హారన్ కొడుతూ ఉంటుంది. "లే నాన్నా, టైమైపోనాది" అంటాను.

"దేనికమ్మీ?" అంటాడు.

మునుపు ఆ ప్రశ్నకు జవాబు ఆయన దగ్గరే ఉండేది.