ఉతికిన చిల్లర

మా బావకు ఈ లోకంలో ఒకే ఒక్క దాని మీద అనుమానం. డబ్బు మీద. దొంగనోటేమోనన్న బెంగ ఆయనకు ఏనాడూ లేదు. ఆ మాటకొస్తే శుభ్రంగా ఉంటే దొంగనోటునైనా తీసుకునేవాడేమో. ఈ నోటు నిన్న ఎవరి చేతిలో ఉంది, ఆ చెయ్యి అంతకు ముందు ఎక్కడెక్కడ తిరిగి వచ్చింది, ఇదే ఆయన బాధ.

మాది రొట్టెల దుకాణం. వెనక గదిలో బట్టీ దగ్గర నేను, ముందు గదిలో గల్లా దగ్గర బావ. దుకాణం మా నాన్న పెట్టింది, ఇప్పుడు అక్క పేరు మీద ఉంది. అక్క బళ్లో లెక్కల టీచరు. బడి వదిలాక వచ్చి మా ఇద్దరి తప్పులూ దిద్దుతుంది. నేను వేరే చోట బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసి, నాన్న పోయాక మూడేళ్ల కిందట వచ్చి బట్టీ అందుకున్నాను. నేను వచ్చేసరికే గల్లా ముందు ఆ స్టీలు పళ్లెం ఉంది.

మా దుకాణంలో డబ్బు చేతికి ఇవ్వడం కుదరదు. పళ్లెంలో పెట్టాలి. బావ పట్టకారుతో నోటు పట్టుకుని, వెలుతురుకు ఎత్తి ముందూ వెనకా చూసి, రేకు డబ్బాలో పడేస్తాడు. నాణేలైతే సబ్బునీళ్ల గిన్నెలోకి. చిల్లర ఇవ్వాలంటే వేరే సొరుగు తెరుస్తాడు. అందులో ఉండేదంతా ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన డబ్బు. ఆ చిల్లరను మాత్రం స్వయంగా అరచేతిలో పెట్టి ఇచ్చేవాడు. ఒక్కోసారి నోటు ఇంకా వెచ్చగా ఉండేది. వీధిలో వాళ్లు ఆయన అసలు పేరు ఎప్పుడో మర్చిపోయారు, అందరికీ పట్టకారుగారే.

రేకు డబ్బాలు మూడు ఉండేవి. ఒకదాని మీద ‘అనుమానం లేనివి’ అని రాసి ఉండేది. అది ఎప్పుడూ ఖాళీ. రెండోది ‘అనుమానం ఉన్నవి’. మూడోది ‘రుజువైనవి’. ఒక పెద్దాయన ఓసారి చెప్పులోంచి నోటు తీసి పళ్లెంలో పెట్టాడు. బావ మొహం చూడాలి. ఆ నోటును మూడో డబ్బాలో వారం రోజులు ఒంటరిగా ఉంచి, మూడుసార్లు ఉతికి, చివరికి దాంతో కరెంటు బిల్లు కట్టేశాడు. పాపం ఆ కౌంటరు వాడు ఏం చేశాడని అడిగితే, వాడికి చెప్పే ఇచ్చానురా, వాడే నవ్వి జేబులో పెట్టుకున్నాడు అన్నాడు.

ఊరికే ఉతికితే ఫరవాలేదు, విచారణ కూడా చేసేవాడు. ఒకావిడ రొట్టె కొని నోటు పళ్లెంలో పెట్టింది. ఇది ఎవరిచ్చారు అని అడిగాడు. మా ఆయన అంది. ఆయనకు ఎవరిచ్చారు? ఆఫీసువాళ్లు. ఆఫీసు దేనికి సంబంధించింది? తోళ్ల వ్యాపారం. బావ పట్టకారు కింద పెట్టి ఇంకా పొడుగాటి పట్టకారు తీశాడు. ఆవిడ అటు తిరిగి నాతో, మా పెళ్లప్పుడు మా నాన్న కూడా ఇన్ని వివరాలు కనుక్కోలేదు బాబూ అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

బ్యాంకులో ఇంకో గోల. అక్కడి క్యాషియరు వేలు నాలుకకు అద్దుకుని నోట్లు లెక్కపెడతాడు. బావ ఆ కట్ట వెనక్కి తోసి, ఇందులో వంద నోట్లుంటే వందింటి మీదా మీ ఎంగిలి ఉందండీ అన్నాడు. క్యాషియరుకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు బావ తడి స్పాంజి ఉన్న చిన్న డబ్బా పట్టుకెళ్లి ఆయనకు బహుమతిగా ఇచ్చాడు. ఆయన పుచ్చుకుని, ఆ స్పాంజికి వేలు అద్దుకుని, అలవాటు కొద్దీ నాలుకకు కూడా అద్దుకుని లెక్కపెట్టాడట. ఆ రోజు బావ అన్నం సరిగ్గా తినలేదు.

నాకు మాత్రం బావ మీద కోపం వచ్చింది ఒక్కసారే. బన్నులు తీసే పట్టకారు, నోట్లు తీసే పట్టకారు పక్కపక్కన ఉండేవి. బన్నులదానికి ఎర్ర దారం. ఒకనాడు దారం ఊడిపోయింది. ఏది ఏదో తేలలేదు. అనుమానం కింద అరవై బన్నులు, నేను తెల్లారగట్లే లేచి పిండి పిసికి కాల్చినవి, సంచిలో వేసి పారేయించాడు. బావా, నీకేమైనా మతి ఉందా అని అరిచాను. ఆయన తాపీగా, మతి ఉంది గనకే పారేశాను, జనం తింటారురా అన్నాడు.

ఇలా నవ్వుకుంటూ రోజులు గడుస్తుంటే ఎదురుగా కేకుల షాపు వెలిసింది. అద్దాలు, రంగుల దీపాలు, పాటలు. అక్కడి ఓనరు నోటు తీసుకున్న చేత్తోనే తల గోక్కుని, అదే చేత్తో కేకు తీసి ఇస్తాడు. బావ ఇటునుంచి చూసి కళ్లు మూసుకునేవాడు. జనం మాత్రం కళ్లు తెరుచుకునే అటు పోయారు. అక్కడ ప్రశ్నల్లేవు, పళ్లెం లేదు. మూడు నెలల్లో మా అమ్మకం సగానికి పడిపోయింది. దానికి తోడు ఆ ఓనరు తిన్నగా అక్క దగ్గరికే వచ్చి, మీ దుకాణం నాకు అద్దెకివ్వండి, బట్టీ కొట్టేసి కేకుల ఫ్రిజ్‌లు పెట్టుకుంటాను అన్నాడు. ఆ మాట విని నేను బట్టీ వైపు చూశాను. నాకు చేతనైన పని అదొక్కటే మరి.

అక్క ఆ సాయంత్రం గల్లా దగ్గర నిలబడి తీర్పు చెప్పింది.

“ఏవండీ, ఈ నెలాఖరుకు ఆ పళ్లెమైనా వెళ్లాలి, దుకాణమైనా వెళ్లాలి. ఏది వెళ్లాలో మీరే చెప్పండి.”

బావ తల వంచుకున్నాడు. ఇస్త్రీ మానేస్తానన్నాడు. ప్రశ్నలు మానేస్తానన్నాడు. డబ్బాలు మూడూ అటక మీద పెట్టేస్తానన్నాడు. ఉతకడం వారానికొకసారి చాలన్నాడు. పళ్లెం సంగతి వచ్చేసరికి మాత్రం ససేమిరా అన్నాడు. ఎందుకని అక్క ఎన్ని రకాలుగా అడిగినా క్రిములు అన్న మాట తప్ప ఇంకో మాట రాలేదు.

అక్కడే అక్కకు అనుమానం పుట్టింది. అన్నీ వదులుకుంటానన్నవాడు ముప్పావలా పళ్లెం ఎందుకు వదలడు? నన్ను బట్టీ వెనక్కి పిలిచి మెల్లగా, ఒరేయ్, ఆ పళ్లెం వెనక ఎవరో ఉన్నారు అంది. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. పళ్లెంలో డబ్బుతో పాటు చీటీలేమైనా వస్తున్నాయేమో చూడు, కళ్లలో వత్తులు వేసుకుని చూడు అని నాకు పని అప్పజెప్పింది.

రెండు వారాలు కాపలా కాశాను. బట్టీ గదికీ ముందు గదికీ మధ్య చిన్న కిటికీ ఉంది. అందులోంచి తల పెట్టి, పళ్లెంలో నోటు పెట్టిన ప్రతి ఆడమనిషినీ అనుమానించాను. బట్టల షాపులో పనిచేసే అమ్మాయిని, కుట్టుపని టీచరును, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మందుల షాపావిడను. నలభై దాటిన వాళ్లను జాబితాలో చేర్చలేదు. ఆ కాపలాలో రెండు పళ్లేల బన్నులు మాడాయి గానీ ఒక్క చీటీ కూడా కనబడలేదు.

నెలాఖరు ఇక రెండు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు జీపు వచ్చి మా ముందు ఆగింది. వెంట ఒక కానిస్టేబులు. మేడ మీద తాడు కట్టి తడి నోట్లు ఆరేస్తున్నారని ఎవరో ఫోన్ చేశారట. ఇన్‌స్పెక్టరు తిన్నగా మేడెక్కాడు. అక్కడ మా బావ లుంగీ ఎగ్గట్టుకుని, బట్టల క్లిప్పులతో నోట్లు వరసగా తగిలిస్తున్నాడు. పక్కన గిన్నె, సబ్బు, ఇస్త్రీపెట్టె. చూస్తే నాకే అనుమానం వచ్చింది.

ఇన్‌స్పెక్టరు ఒక నోటు తీసి వేళ్ల మధ్య రుద్దాడు. ఎక్కడ అచ్చువేస్తున్నావు అని అడిగాడు. బావ దానికి జవాబు చెప్పకుండా, దాన్ని ఇంకా ఒక్కసారే ఉతికాను సార్, చెయ్యి కడుక్కోండి అన్నాడు. అంతే, ఇన్‌స్పెక్టరుకు మండింది. సామాను మొత్తం కట్టమన్నాడు. గిన్నె, ఇస్త్రీపెట్టె, డబ్బాలు, క్లిప్పులతో సహా తాడు, అన్నీ కిందికి దిగాయి, వాటి వెనకే మేమూ. కింద కానిస్టేబులు గల్లా మీది పళ్లెం కూడా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ రోజు ఒంటిపూట బడి. అక్క వచ్చేసరికి ఈ దృశ్యం. ముక్కు మీద వేలేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆస్పత్రి ఆవిడ వచ్చింది. అంటువ్యాధుల వార్డు ఊడ్చి తుడిచే మనిషి, యాభై ఐదేళ్లుంటాయి, నీలం కోటు. రోజూ డ్యూటీకి వెళ్తూ నాలుగు బన్నులు కొనుక్కుంటుంది. వచ్చి గల్లా ముందు నిలబడి, ఖాళీ చోటు చూసి, చేతిలో నాణేలు పట్టుకుని అటూ ఇటూ చూసింది.

“ఇప్పుడు నా డబ్బులు ఎక్కడ పెట్టను?”

ఎక్కడేమిటమ్మా, ఆయన చేతికి ఇవ్వు అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆవిడ నవ్వింది.

“నా డబ్బులు చేత్తో ఎవరు తీసుకుంటారు సార్?”

ఆవిడ చెప్పింది. నాలుగేళ్ల కిందట ఊళ్లో పెద్ద జ్వరాలు వచ్చినప్పుడు ఆ వార్డు ఊడ్చింది ఈవిడే. కూరగాయలవాడు డబ్బు నేల మీద పెట్టమనేవాడట. పాలవాడు దూరం నుంచే నీళ్లు చల్లి తీసుకునేవాడు. ఈ దుకాణానికి మొదటిసారి వచ్చిన రోజు ఆవిడ తనంతట తనే వంగి నాణేలు గడప మీద పెట్టబోయింది. బావ ఆగమని లోపలికి పరిగెత్తి పళ్లెం తెచ్చి గల్లా మీద పెట్టి, మా దుకాణంలో అందరూ ఇందులోనే పెట్టాలమ్మా అన్నాడు. ఆవిడ వెనక ఆ ఆస్పత్రి పెద్ద డాక్టరే ఉన్నాడు. ఆయన నోటు అందించబోతే బావ చెయ్యి వెనక్కి తీసుకుని, పళ్లెంలో పెట్టండి డాక్టరుగారూ, నోట్ల మీద క్రిములుంటాయి అన్నాడట.

“డాక్టరుగారు నోరు తెరిచి చూశారు సార్. నేనూ పెద్ద డాక్టరుగారూ ఒకే పళ్లెంలో పెట్టాం. చిల్లర మటుకు ఈయన విసిరెయ్యరు, నా చేతిలో పెడతారు. అందుకే ఇక్కడికి వస్తాను.”

బావ మొహం ఎర్రగా చేసుకుని, ఆవిడ మాటలు పట్టించుకోకండి సార్, నోట్ల మీద నిజంగానే క్రిములుంటాయి అన్నాడు.

నాకు ఆగలేదు. మరి ఈ పట్టకార్లు, సబ్బులు, డబ్బాలు ఎందుకు బావా అని అడిగేశాను. బావ గొంతు తగ్గించి చెప్పాడు. ఉత్త పళ్లెం పెడితే అది ఎవరి కోసమో వారంలో అందరికీ తెలిసిపోతుంది. నాలుగో రోజే మందుల షాపాయన, అంత భయమైతే పళ్లెంలోంచి చేత్తో ఎందుకు తీస్తున్నావయ్యా అని అడిగాడు. దాంతో పట్టకారు కొన్నాడు. ఇంకొకాయన, మరి గల్లాలో కలిపేస్తున్నావే అన్నాడు. డబ్బాలు వచ్చాయి. డబ్బాలోంచి చిల్లర ఎలా ఇస్తావు అన్నారు. సబ్బు వచ్చింది.

“ఒక్కో ప్రశ్నకు ఒక్కో సామాను కొనాల్సి వచ్చిందిరా. ఏడాది అలా నటించేసరికి, ఇప్పుడు నిజంగానే భయమేస్తోంది.”

ఇన్‌స్పెక్టరు గట్టిగా నవ్వేశాడు. నాకూ నవ్వొచ్చింది. మూడేళ్లు ఈ మనిషి పక్కనే ఉండి, చెప్పుల నోటు కథ వీధంతా చెప్పుకు తిరిగానే గానీ, ఇదొక్కటి చూడలేకపోయానని సిగ్గేసింది. ఇన్‌స్పెక్టరు ఒక తడి నోటు వెలుతురుకు పట్టి, అసలుదేనని ఒప్పుకుని, సామాను దింపమన్నాడు. కానిస్టేబులు పళ్లెం గల్లా మీద పెట్టాడు. ఆవిడ నాణేలు అందులో వేసి, బన్నులు తీసుకుని, బావ అరచేతిలో పెట్టిన చిల్లర కొంగున ముడేసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

అక్క ఇంతసేపూ గుమ్మంలోనే ఉంది. లోపలికి వచ్చి గల్లా వెనక, బావ పక్కన నిలబడింది. నువ్వన్నది నిజమే అక్కా, పళ్లెం వెనక ఒకావిడ ఉంది అన్నాను నేను నెమ్మదిగా. నోరుమూసుకోరా అంది. కళ్లు తుడుచుకుంటూ అంది కాబట్టి నేను మూసుకోలేదు, ఎదురుషాపాయనకు ఎల్లుండి ఏం చెప్పమంటావు అని అడిగాను. లేదని చెప్పు, ఇవాళే చెప్పు అంది.

వచ్చినందుకు మాకూ నాలుగు బన్నులు కట్టండి అన్నాడు ఇన్‌స్పెక్టరు. బావ కట్టాడు. ఇన్‌స్పెక్టరు పర్సులోంచి నోటు తీసి, చెయ్యి చాచి బావకు అందించాడు. బావకు ఏం చెయ్యాలో తోచలేదు. ఇప్పుడే కేసు తప్పింది, ఎదురుగా యూనిఫారం. పట్టకారు వైపు చూశాడు, ఇన్‌స్పెక్టరు మొహం చూశాడు, చివరికి పళ్లు బిగించి చెయ్యి ముందుకు చాపబోయాడు.

అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

“పళ్లెంలో పెట్టండి సార్. మా దుకాణంలో అందరూ అందులోనే పెట్టాలి.”