బోటువాడు ఎక్కిన విమానం

కరువు జిల్లాలో బోటు నడిపేవాణ్ణి నేను. మా రక్షణ దళం బోటు నీళ్ల మీద తిరిగినదానికంటే ట్రాక్టరు ట్రాలీ మీద తిరిగిందే ఎక్కువ. ఏడో తరగతిలో బడి వదిలేశాను. బడే నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకుందని మా నాయన అనేవాడు.

అలాంటి నన్ను విమానం ఎక్కిస్తామన్నారు. వరదలో చిక్కుకున్నవాళ్లను పైనుంచి వెతికే చిన్న విమానంలో పైలట్‌కు తోడుగా, అవసరమైతే తామే నడపగల మనుషులు కావాలట. బోటు వాళ్లకూ వైర్‌లెస్ వాళ్లకూ అనంతపురంలో ఒక గదిలో శిక్షణ. రెండు కుర్చీలు, ఒక స్టిక్కు, గోడంత తెర. అదే మా విమానం. జంటగా పరీక్ష నెగ్గితేనే అసలు విమానం ఎక్కడం, లేదంటే ఇంటికి. నా జంట ఉరవకొండ నుంచి వచ్చిన వైర్‌లెస్ అక్క. నేను నడపాలి, ఆమె మ్యాపు చూసి దారి చెప్పాలి.

మొదటి రోజే కొంప ముంచాను. బోటు మోటారు పిడిని కుడికి తోస్తే బోటు ఎడమకు తిరుగుతుంది. చేతికి అదే అలవాటు. ఎడమకు తిప్పమంటే స్టిక్కును కుడికి తోశాను. తెర మీద విమానం కుడికే ఒరిగింది. కంగారులో ఇంకా తోశాను. తలకిందులై శెనక్కాయ చేన్లో పడింది.

"ఏమప్పా, శెనక్కాయలు పీకనీకి దిగినావా?" అన్నారు నేర్పించే సారు. ఆయన రిటైరైన పైలట్.

అక్క మాత్రం నవ్వలేదు. "నీతో పాటు నన్నూ ఇంటికి పంపిస్తారు, చూస్కో" అంది. ఆ వారమంతా ఇంట్లో పప్పుగరిటె పట్టుకుని కుడి ఎడమలు మళ్లీ నేర్చుకున్నాను.

పరీక్ష రోజు సారు తెర మీది వరదలో చేరాల్సిన చోటు ఒకటి చెప్పి, పక్కనుంచి కొట్టే అడ్డగాలి పెట్టారు. మాకు ముందు కూర్చున్నవాళ్లంతా నేరుగా ఆ చోటికే విమానం ముక్కు గురిపెట్టి, పక్కకు కొట్టుకుపోయారు. నాకు నవ్వొచ్చింది. పొంగిన వంకలో ఎదుటి గట్టుకు నేరుగా బోటు పెట్టేవాడు ఎవడు? నీళ్లు వచ్చేవైపు ముక్కు తిప్పాలి. బోటు వంకరగా కనబడినా పోయేది నేరుగానే. గాలీ అంతే కదా అనుకుని, గాలి వచ్చేవైపు ముక్కు తిప్పాను.

"చాలు, ఇంగ తిప్పొద్దు. నాలుగు మైళ్లుండాది" అంది అక్క హెడ్‌సెట్‌లో. "రెండు... ఒకటి... కిందికి చూడు!"

నీళ్ల నడుమ ఒక మిద్దె, దాని మీద చేతులూపే బొమ్మ మనుషులు. సరిగ్గా మా రెక్క కింద!

సారు లేచి చప్పట్లు కొట్టారు. "అసలుదాన్ని ఎక్కండప్పా ఇద్దరూ!" గదంతా ఈలలు. నేను రొమ్ము విరుచుకుని కుర్చీ దిగాను.

"ఏమక్కా, ఏడో తరగతోడు విమానం నడిపినాడు, చూసినావా?"

"చూసినాలేప్పా. నేను నోరు మూసుకోనుంటే ఇంగా బళ్లారి మీదనే తిరుగుతాండేవానివి."