జేబులోంచి బోరులోకి కవిగారు

దర్జీలు చొక్కా జేబు లోతుగా కుట్టడం ఎప్పుడు మానేశారో తెలియదు. పెన్ను పెడితే సగం బయటే నిలబడి ఊరంతా చూస్తూ ఉంటుంది. చిన్న ఫిర్యాదే. కానీ దీనివల్లే నేనొక మహానుభావుణ్ని పాతాళానికి పంపాను. మీరు తీరిగ్గా వినండి. ఆ రోజు నాకు మాత్రం తీరిక లేదు.

నాలుగేళ్ల కిందట మా కాలేజీవాళ్లు ఒక కవి జ్ఞాపకార్థం, ఆయన బొమ్మతో కంచు పతకం చేయించారు. ఒక్కటే. ఊరి బావిలో అందరూ నీళ్లు చేదుకోవాలని పద్యాలు రాసి, తన్నులు తిని, చివరికి సాధించిన సంస్కర్త ఆయన. అలా ఆ బావిలో మొదటిసారి చేద వేసిన ఇంటి పిల్ల మరియమ్మ, పెరిగి టీచరైంది. అప్పటికి రిటైరై శింగనమలలో ఉంటోంది. సాయంత్రం నాలుగింటికి అక్కడి సభలో పతకం ఆమెకివ్వాలి. తీసుకెళ్లే బాధ్యత, కొత్తగా చేరిన తెలుగు లెక్చరర్నని, నాకప్పగించారు. వాళ్లు ఆ తప్పు మళ్లీ చేయలేదు.

దారిలో నా చిన్ననాటి స్నేహితుడు ఓబులేసు చేను. వారం కిందట బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఊటైనా వస్తుందేమోనని, పురిటి గది బయట మొగుడిలా దాని చుట్టూ తిరుగుతున్నాడు. గొప్ప కోసం పెట్టె తెరిచి పతకం చూపించాను. బండి మీద పెట్టె జారిపోవచ్చన్న ముందుచూపుతో పతకాన్ని మాత్రం జేబులో వేసుకున్నాను. నా ముందుచూపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

"చదువుకున్నోనివి, చెవి పెట్టి చెప్పప్పా. లోపల ఊట వినిపిస్తాందా?"

బోరులో ఊట వినే పాఠం ఎమ్మే తెలుగులో లేదు. అయినా వంగాను.

టంగ్. టంగ్. టంగ్... ఆపైన ఏ చప్పుడూ లేదు, నా గుండెతో సహా.

"ఓబులేసూ, పతకం..."

"ఉష్! మాట్లాడొద్దు!" వాడు వేలెత్తి, కళ్లు మూసుకుని విన్నాడు. అడుగునెక్కడో టక్కుమంది. "ఎండు చప్పుడు. నీళ్లు లేవు పో."

"పడింది పతకం రా! మూడైంది టైము!"

"పతకమైతేనేమి, రాయైతేనేమి? నీళ్లుంటే బుడుంగనాల."

నా మొహం చూసి జాలిపడి, పాత స్పీకరులోని అయస్కాంతానికి తాడు కట్టి దించాడు. కంచు అయస్కాంతానికి అంటుకోదని ఏడుపు గొంతుతో చెప్పాను.

"పెద్దమనిషంటివి, ఇంత మొండోడా? అయినా తాడు అయిపోయినాది, బోరింకా ఉండాది."

సభలో మరియమ్మ టీచరు నా చేతిలోంచి పెట్టె అందుకుని తెరిచింది. నా చెమటతో ఒక మడి తడిసేది. నిజం చెప్పేసి, మైకు ముందే ప్రమాణం చేశాను.

"ఇకమీదట జేబున్న చొక్కా తొడగను. తొడిగినా భూమి వైపు వంగను. పెద్దల కాళ్లకు మొక్కాల్సొస్తే జేబు పట్టుకునే మొక్కుతాను."

సభంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఖాళీ పెట్టెలోని గుండ్రటి గుంటను వేలితో తడిమి అంది:

"అందరికీ నీళ్లిప్పించినోడప్పా ఆయప్ప. పోయి పోయి నీళ్లు లేని బోర్లో యేసినావా?"