సమాధి మీద మోగిన ఫోను

నా మొగుడు బతికుండగా మా ఊరికి వాన కబురు తెచ్చేవాడు ఆయనే. ఊరంటే పదిహేను గడపలు. అరకు సంతకి వెళ్లాలంటే కొండ దిగి గెడ్డ దాటాలి, కొండవాగుని మేం గెడ్డ అంటాం. దాని మీద వంతెన లేదు, రాళ్ల మీద కాలు వేసుకుంటూ పోవడమే. ఇళ్ల దగ్గర ఫోనుకి సిగ్నలు రాదు. గట్టెక్కితే బాగా వస్తుంది. ఆ గట్టు మీదే మా వల్లకాడు.

రెండేళ్ల కిందట ఆఫీసువాళ్లు ట్యాబు పట్టుకుని వచ్చారు. తుపాను వచ్చినా, పెద్ద వాన వచ్చినా ముందే మెసేజి వస్తుందన్నారు. చదవడం రాకపోతే ఫోను మోగి, ఒక గొంతు అదే విషయం చెబుతుందన్నారు. ఊరికి ఒక నెంబరు కావాలంటే ఆయనది రాసుకున్నారు. అప్పట్నుంచి రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గట్టెక్కి చూసి వచ్చేవాడు. దిగుతూ దిగుతూనే కేకలు పెట్టేవాడు. నువ్వు నాకు మొగుడివా, వానకి మొగుడివా అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆయన జ్వరంతో పోయాడు. డోలీ కట్టి మోసుకెళ్తుంటే సగం దారిలోనే పోయాడు. దాని ఏడుపు వేరే ఉంది, ఇప్పుడు చెప్పేది అది కాదు.

మా వాళ్లలో పోయినవాడి వస్తువులు ఇంట్లో ఉంచుకోరు. వాటికోసం మళ్లీ గడప తొక్కుతాడని. గొడ్డలి, కంచం, గొంగళి సమాధి మీద పెట్టి వచ్చేస్తాం. మరి ఫోనో? పెద్దవాళ్ల కాలంలో ఫోన్లు లేవు, వాళ్లు ఏమీ చెప్పలేదు. మా మరిదే తేల్చాడు.

"సేతిలోంచి ఒదిలినోడు కాదు గదా వొదినా. అదే ముందర పెట్టాల."

నాకూ సబబే అనిపించింది. గొడ్డలి పక్కన ఫోను పెట్టి, తడవకుండా పైన అడ్డాకులు కప్పాం. ఫోను ఆపేయాలని కూడా ఎవరికీ తోచలేదు.

మర్నాడు ఆరోగ్యం చూసే అమ్మాయి ట్యాబు తెచ్చింది. ఏ రోజు పోయాడు, ఏ జబ్బు, వయసెంత, అన్నీ అడిగి రాసుకుంది. నాచేత వేలిముద్ర వేయించుకుంది. వెళ్లిపోయింది.

మూడోనాడు పొద్దున్నే అన్నం పెట్టడానికి నేనొక్కదాన్నే గట్టెక్కాను. ఆకులో అన్నం పెట్టి లేవబోతుంటే ఫోను మోగింది. అడ్డాకుల కింద వెలుగు, గుర్రుమంటూ వణుకు. ఎత్తడం నాకు తెలుసు. ఆకుపచ్చ గుర్తు నొక్కాలని ఆయనే నేర్పాడు. చెయ్యి చాపాను కూడా. కానీ చచ్చినవాడికి వచ్చిన పిలుపు బతికున్నవాళ్లు అందుకుంటే, ఆ పిలిచినది ఇంటి మీదకి వస్తుందని మా అమ్మ నన్ను చిన్నప్పట్నుంచీ భయపెట్టింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మోత ఆగింది. మళ్లీ మోగింది. మూడుసార్లు మోగింది. నేను నిలబడి విన్నాను, తర్వాత దిగి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి కోడలు సంతకి బయల్దేరుతోంది. అల్లం బుట్ట నెత్తికెత్తుకుంటూ నా మొహం చూసింది.

"ఏటత్తా, అలగున్నావు?"

"ఏటీ నేదు. బేగి వచ్చీ."

"నీకు పొగాకు తెత్తాన్లే. ముందు ఆ మొకం మార్సు."

నవ్వుకుంటూ వెళ్లింది. ఫోను మోగిందని చెబితే కీడని మింగేశాను. చెప్పి ఉంటే ఆ పిల్ల ఆగేది. తనకి నాకంటే ఎక్కువ భయం.

మధ్యాహ్నం దాటాక ఆకాశానికి చిల్లు పడింది. సంత నుంచి తిరిగొస్తున్న ముగ్గురు ఆడవాళ్లలో నా కోడలే ముందు గెడ్డలో కాలు పెట్టింది. నీళ్లు అప్పటికి మోకాలి దాకానే ఉన్నాయట. పైకొండల్లో కురిసినదంతా ఒక్కసారిగా వచ్చి పడింది. వెనకున్న ఇద్దరూ ఒడ్డునే నిలబడిపోయారు. రెండో రోజు దిగువన దొరికింది. తండ్రిని మట్టిచేసి మళ్లీ కాఫీ తోటల్లో కూలికి పోయిన నా కొడుకు వచ్చి మోసుకొచ్చాడు. వాళ్ల మావ పక్కనే పెట్టాం.

వారానికి ఆఫీసరు వచ్చాడు. కొండెక్కి రొప్పుతున్నాడు, కూర్చోబెట్టి నీళ్లిచ్చాం. ట్యాబు తీసి నాకు చూపించాడు, నాకు చదువొచ్చినట్టు.

"మెసేజి అందినట్టే ఉందమ్మా. మూడుసార్లు ఫోను కూడా వెళ్లింది. ఎవరూ ఎత్తలేదు."

ఆ మెసేజి చదివి వినిపించాడు. సంతలకు వెళ్లవద్దు, గెడ్డలు దాటవద్దు.

"ఆయన పోయాడని మర్నాడే ఆరోగ్యం సూసే గుంట ట్యాబులో రాసుకెళ్లింది బాబూ. ఈ ట్యాబుకీ ఆ ట్యాబుకీ మాటల్నేవా?"

అది వేరే శాఖ అన్నాడు. మా చావు ఒక శాఖ, మా వాన ఒక శాఖ. తర్వాత ఊరందరి వైపూ చూసి, మోగినప్పుడు ఎవరూ వినలేదా అని అడిగాడు.

నేను విన్న సంగతి ఎవరికీ తెలియదు. ఊరుకుంటే అక్కడితో పోయేది. తప్పంతా ట్యాబు మీదే ఉండిపోయేది, నా కొడుకు నాకు మిగిలేవాడు. కానీ ఆ ఆఫీసరు కొండ దిగిపోతే ఈ మాట ఇంక ఎవరూ నన్ను అడగరు.

"నాను ఇన్నాను," అన్నాను.

నా కొడుకు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తలెత్తాడు. కేకేసినా బాగుండేది.

"నివ్వు ఇన్నావు. అదెల్తంటే సూత్తూ ఊరుకున్నావు."

ఆఫీసరు గబగబా కొత్త నెంబరు చెప్పమన్నాడు. ఇంటింటిదీ రాసుకోమన్నాను. పైకొండ మీది పక్క ఊరిదీ రాయండి, వాన మాకంటే ముందుగా వాళ్లకే కనబడుతుందన్నాను. ఇందులో ఊరికి ఒక గడే ఉందమ్మా అన్నాడు. నా కొడుకు నెంబరు రాసుకుని వెళ్లిపోయాడు.

వాడిప్పుడు చిన్నాన్న ఇంట్లో ఉంటున్నాడు. రోజూ రెండుసార్లు గట్టెక్కుతాడు, పెళ్లాం సమాధి పక్కనుంచే నడిచి. మబ్బు కబురు ఉంటే దిగివచ్చి ఇంటింటి ముందూ నిలబడి చెబుతాడు. ఒక్క ఇల్లు కూడా వదలడు. మా గడప దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు ఆగిపోతుంది. నాలుగడుగులు వేశాక పక్కింటి ముందు మళ్లీ మొదలవుతుంది. మట్టి గోడే కదా, నాకు ప్రతి మాటా వినిపిస్తుంది. ఆ తర్వాత పక్కింటామె వచ్చి మళ్లీ చెబుతుంది. అప్పుడే తెలిసినట్టు తల ఊపుతాను.