ఆపరేషన్ అక్కర్లేదన్న మాట

మీసం నల్లగా ఉన్నప్పుడు ఎక్కిన బస్సు డ్రైవర్ సీటు దిగేనాటికి ఆయన జుట్టంతా నెరిసిపోయింది. ఆయన బ్రేకు వేస్తే పసిపిల్లలకైనా నిద్ర చెడేది కాదు. అందుకే డిపోలో అందరూ 'ఉయ్యాల డ్రైవర్' అనేవారు. నడుం నొప్పిని "సీటిచ్చిన బహుమానం" అని నవ్వేసేవాడు. మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడాన్ని వయసు మీదికి తోసేశాడు.

మూత్రంలో రక్తం పడ్డాకే పెద్దాసుపత్రికి కదిలాడు. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలింది. అది గ్రంథి దాటకపోతే ఆపరేషన్ చేసి తీసేయొచ్చు, దాటిందో లేదో ఒళ్లంతా స్కాన్ చేస్తేగానీ తెలియదన్నాడు డాక్టర్. అందులో 'తీసేయొచ్చు' అన్న మాటే ఆయన చెవికెక్కింది.

స్కాన్‌కు బావమరిది తోడొచ్చాడు. నరానికి మందెక్కించి, అది ఒళ్లంతా పాకేదాకా ఒంటరిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. తర్వాత సన్నటి బల్ల మీద యంత్రంలోకి పంపి, కదలొద్దన్నారు. నడుము సలుపుతున్నా పంటి బిగువున ఓర్చుకున్నాడు, బుద్ధిగా పడుకుంటే ఫలితమూ మంచిదే వస్తుందన్నట్టు.

మర్నాడు బావమరిది పక్కనుండగా డాక్టర్ కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. తెల్లటి మనిషి ఆకారం మీద నల్లటి మచ్చలు. పెద్దవి రెండు చూపించి, "ఇదేనా సార్?" అన్నాడాయన.

"అవి కిడ్నీలండీ. అందరికీ అలాగే కనిపిస్తాయి."

డాక్టర్ వేలు వెన్నెముక మీదికి జరిగింది. అక్కడ చిన్న చుక్కలు. తుంటిలో, తొడలో, పక్కటెముకల్లో కూడా.

"ఎముకల్లోకి పాకింది. ఇక ఆపరేషన్ వల్ల లాభం లేదు. ఇంజక్షన్లతో కొంతకాలం జోరు తగ్గించగలం."

"పూర్తిగా పోదా?"

డాక్టర్ తల అడ్డంగా ఊపాడు.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. "ఆపరేషన్ ఎప్పుడంటండీ?"

"అక్కర్లేదన్నారు." అన్నాడాయన చెప్పులు విప్పుతూ.

ఆవిడ మొహం వికసించింది. "నేను చెప్పలా! కత్తి గండం తప్పింది!" అంటూ పక్కింటావిణ్ణి కేకేసింది.

"అక్కా..." అనబోయిన బావమరిది చెయ్యి పట్టుకున్నాడాయన. "ఈ పూటకి ఉండనీరా."

ఎన్నాళ్లకో ఆవిడ కడుపునిండా తింది. తెల్లారాక ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెప్పాడు.

"మరి నిన్న నన్నెందుకు నవ్వనిచ్చారు?" అందావిడ.

ఇంజక్షన్లు కొన్నాళ్లు పనిచేశాయి. తర్వాత అవీ చేతులెత్తేశాయి. వానలు మొదలయ్యాక, మంచం దిగబోతుంటే తొడ ఎముక విరిగింది. మళ్లీ లేవలేదు. పక్కకు తిప్పేటప్పుడు అరుపు బయటికి రాకుండా పెదవి కొరుక్కునేవాడు.

"అరవండి, పర్లేదు. నేనే కదా ఉన్నది" అనేది ఆవిడ.

చివరి రోజుల్లో అరిచాడు.