నేను వదులు చేసిన బోల్టు

ఈ మాట ఇన్నేళ్ళుగా నా గొంతు దాటలేదు. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అరవయ్యో దశకం చివరి రోజులు. యూనివర్సిటీలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తూ తార్నాకలో ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. ల్యాబు మూశాక మాట్లాడటానికి మనిషి దొరికేవాడు కాదు. ఆదివారమంతా నోరు విప్పకుండానే గడిచిపోయి, సాయంత్రం హోటల్లో చాయ్ అడిగితే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

నర్సింహ అప్పుడే పరిచయమయ్యాడు. లైబ్రరీలో గుమాస్తా. అన్న చనిపోతే, గోల్నాకలో వదినతో, ఆమె పిల్లలతో ఉండేవాడు. అన్న పాత మోటార్ సైకిల్ ఇతనికి మిగిలింది. రోడ్డు మీద బాగానే పోయేది, ఎక్కడైనా బండి నిలిపితే మాత్రం, నడుస్తున్న ఇంజన్ కొట్టుకుని కొట్టుకుని ఆరిపోయేది. చిన్నప్పుడు సెలవులన్నీ మేనమామ రిపేరు షెడ్డులో గడిపినవాణ్ణి కదా, చూస్తానన్నాను. కార్బురేటర్ విప్పితే లోపల మడ్డి. దాన్ని శుభ్రం చేసి, మిగతావి సరిచూసే వరకు అతను రోజూ సాయంత్రం వచ్చేవాడు. గది ముందు కూర్చుని ఏవేవో మాట్లాడుకునేవాళ్ళం. బండి బాగైంది. అతను రావడం మానేశాడు.

అతనిది తప్పా? పని అయిపోయింది, ఇంట్లో పిల్లలున్నారు. అదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, ఒకరోజు అతను దారిన పోతూ పలకరించడానికి ఆగి లోపల మంచినీళ్ళు తాగుతుంటే, కార్బురేటర్‌ను ఇంజన్‌కు పట్టి ఉంచే బోల్టును స్పానర్‌తో కాస్త వదులు చేశాను. ఆ సందులోంచి గాలి దూరితే బండి నిలిపినప్పుడు ఇంజన్ స్లోలో నిలబడదు, మళ్ళీ కొట్టుకుని ఆరిపోతుంది.

మర్నాడే వచ్చాడు. నేను ప్లగ్గు తుడిచాను. ఇంకోరోజు ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే పాయింట్లు గీకాను. ఏవో స్క్రూలు అటూ ఇటూ తిప్పాను. నా చేయి ఆ బోల్టు దగ్గరికి మాత్రం పోలేదు. అతను పక్కన కూర్చుని, ఆఫీసు సంగతులు, పిల్లల అల్లరి చెబుతూనే ఉండేవాడు. నేను సంతోషంగా ఉన్నాను. అది కూడా ఒప్పుకోవాలి.

ఒక సాయంత్రం వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు.

“బండి అమ్ముతున్న అన్నా.”

“ఎందుకు? ఇంకోసారి చూస్త.”

“వదిన అమ్మేయమన్నది. నువ్వు మొదలు బాగు చేసినప్పుడు, ఆ చప్పుడినంగనే మా అన్నే వచ్చినట్టున్నదని వాకిట్లకొచ్చేది. ఇప్పుడు ఇనంగనే లోపటికి పోతున్నది. మా అన్నకు ఉబ్బసముండె గదా. ఆఖరికి గీ బండి లెక్కనే, గుక్క తిప్పుకోలేక పానం ఇడిసిండు.”

స్పానర్ నా చేతిలోనే ఉంది. ఒక్క చుట్టు బిగిస్తే చాలు. ఎందుకు బిగించలేదు? ఇన్నాళ్ళు దొరకని లోపం ఇప్పుడెట్లా దొరికిందని అడుగుతాడేమోనని భయపడ్డాను. అడిగేవాడు కాదు. నన్ను అంత నమ్మాడు.

“సరే, ఆమె ఇష్టం,” అన్నాను.

ముషీరాబాద్‌లో పాత సామాన్లు కొనేవాడికి అమ్మాడు. వాడు బండిని ఏ ముక్కకా ముక్క విప్పేశాడట. తర్వాత ఒక్కసారి నర్సింహ బస్సులో వచ్చాడు, వదిన చేసిన గారెలు పట్టుకుని. మా కోసం చాన కష్టపడ్డవని పంపిందన్నాడు. అతని ఎదుటే తిన్నాను. మళ్ళీ రాలేదు.

ఒంటరితనం వల్ల చేశానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆమెకు మాత్రం తోడెవరున్నారని? ఆ చప్పుడొక్కటే ఉండింది. దాన్ని నేను ఆమె మొగుడి ఆఖరి ఊపిరిగా మార్చి, ఆ ఇంటి వాకిట్లోకి రోజూ పంపాను.

ఆమె పోయిందని విన్నాను. నర్సింహ ఎక్కడున్నాడో తెలియదు. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఇన్నాళ్ళూ ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు మీకూ తెలుసు.