పడమటి గోడకు సారువ

మేస్త్రీలు ఎక్కి పని చేయడానికి గోడ పక్కన కట్టే కట్టెల మంచెను పుస్తకాల్లో పరంజా అంటారు. మా కడపలో సారువ అంటాం. ఇంటి మరమ్మతుకు ఎలాంటి సారువ మంచిదని నన్నెవరైనా అడిగితే, ముందు పక్కింటివాళ్లతో మాటలున్నాయో లేవో చూసుకోండి అంటాను. తక్కినదంతా ఆ తర్వాతే.

మా పడమటి గోడ కింది నుంచి మిద్దె దాకా నెర్రెలు విచ్చింది. పోయిన వానలకు గదిలో నీళ్లు కారి, అమ్మ మంచం చుట్టూ గిన్నెలు పెట్టుకుని పడుకుంది. ఈసారి వానలకు ముందే పూత పడాలి. చిక్కేమిటంటే, ఆ గోడను ఆనుకునే పక్కింటి మామ పెరడు. సారువ కాళ్లు ఆయన నేలలోనే దిగాలి. ఆయనకూ మా నాయనకూ మాటల్లేవు. మా తూము నీళ్లు పడి తన కరివేపాకు చెట్టు చచ్చిందని ఆయన. కడపలో నీళ్లెక్కువై చెట్టు చచ్చిందంటే నవ్విపోతారని నాయన.

అంతకుముందు రోజూ సాయంత్రం ఇద్దరూ మా అరుగు మీద టీ తాగేవాళ్లు. ఇప్పుడు నాయన ఒక్కడే కూర్చుని సగం గ్లాసు వదిలేస్తున్నాడు. ఆయనకు వేరే స్నేహితులు లేరు. ఆ మిగిలిన టీ పారబోసేటప్పుడు నాకు ఒళ్లు మండేది, జాలీ వేసేది.

మేస్త్రీ గోడంతా చూశాడు. "సర్వే కట్టెలైనా, ఇనప పైపులైనా కాళ్లు ఆ పక్కనే దిగల్లప్పా. ఒక మాట అడుగు."

"నేనా? అడిగేదా? మిద్దె మీంచి తాళ్లేసి ఉయ్యాల కట్టు," అన్నాడు నాయన.

మేస్త్రీ పిట్టగోడను చేత్తో ఊపాడు. అది ఊగింది. "కడతా. నువ్వు కూచుంటావా?"

నాయన నిజంగానే పంచె ఎగగట్టాడు. అమ్మ అడ్డం పడకపోతే కూర్చునేవాడే. మొండితనంలో మా నాయనకు పిట్టగోడ కూడా ఒక లెక్క కాదు.

మగవాళ్లకు మాటల్లేవు గానీ, ఆడవాళ్ల మధ్య పెరుగు తోడూ పులుసు గిన్నెలూ ఎప్పుడూ ఆగలేదు. మామ కర్నూలులో కూతురింటికి పోయిన రోజు చూసి అత్త పెరటి తలుపు తీసింది. "ఆయప్ప వచ్చేలోపు కట్టేసుకోండి. కట్టినాక పీకిస్తాడా ఏమి!" సాయంత్రానికల్లా సర్వే కట్టెలు, అంటే సరుగుడు బాదులు, లేచాయి. తాళ్లు బిగించి పైన పలకలు పరిచారు.

సారువ లేచాక దిష్టిబొమ్మ కట్టాలి కదా. అమ్మ పాత బట్టల మూటలోంచి ఒక గళ్ల చొక్కా లాగి గడ్డి కూరింది. తలకు కుండ బోర్లించి, సున్నంతో కళ్లు పెట్టి, మసితో పెద్ద మీసాలు దిద్దింది. మేస్త్రీ దాన్ని పై కట్టెకు వేలాడదీశాడు.

పొద్దున్నే పెరట్లోంచి కేక. మామ ఊరినుంచి వచ్చేశాడు.

"ఏమప్పా! నా పెరట్లో కట్టెలు పాతింది చాలక, నన్నే గడ్డి కూరి ఉరేసినావా!"

నాయన కయ్యానికి మిద్దె ఎక్కాడు. "నీ బొమ్మ పెట్టుకునే ఖర్మ నాకేం పట్టింది?"

"మీసాలు నావి కావా? జేబు మీద ఆ సిరా మరక నాది కాదా? ఉతికితే పోయిందని ఇన్నాళ్లూ అనుకుంటాండా నేను!"

నాయన బొమ్మను చూశాడు. తర్వాత మామను చూశాడు. మామ ఒంటి మీద అచ్చం అలాంటి గళ్ల చొక్కానే, పొట్ట దగ్గర గుండీలు తెగేటట్టు బిగిసి ఉంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే తానులోంచి కుట్టించుకుని శ్రీశైలం పోయారు. పాతాళగంగలో మునిగి, ఒకే తాడు మీద ఆరేసుకున్నారు. అక్కడ చొక్కాలు మారిపోయాయన్నమాట. చొక్కా వదులైందని, నాయన చిక్కిపోయాడని, అమ్మ ఎంత నెయ్యి పోసిందో!

"నువ్వేసుకుండేది నా చొక్కా కదప్పా!" అన్నాడు నాయన.

మామ తన పొట్ట చూసుకున్నాడు. "నేను లావైనానని రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తింటాండానే!"

ముందు అత్త నవ్వింది. తర్వాత నాయన నవ్వు ఆపుకోలేక పిట్టగోడ మీద చేయి వేశాడు.

"ఆ గోడ పట్టుకోవద్దప్పా, పడతావు!" మామ రెండు చేతులూ చాచి గోడ కిందికి పరిగెత్తాడు. నాయన పడితే తానే పట్టుకునేటట్టు! నాకు కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ సారువ కింది పలక మీదే కూర్చున్నారు. కిటికీలోంచి టీ అందించేదాన్ని. గ్లాసులు ఖాళీగా తిరిగొచ్చేవి.

పూత అయిపోయింది. మేస్త్రీ తాళ్లు విప్పడానికి వచ్చాడు. నాయన గోడ మూలకు వేలు చూపించాడు.

"ఆ పక్క ఇంకో నెర్రె ఉండాది, చూడు."

గోడ అద్దంలా నున్నగా ఉంది. మేస్త్రీ తడిమి తడిమి చూశాడు. "యాడప్పా?"

మామ పలక మీంచి కదలకుండానే కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఈడే. శానా పెద్దది."